నవరంగి పిలిచిన ఒడ్డు

శ్రావణ మాసపు ముసురు వదలని ఒక మధ్యాహ్నం, సూర్యాపేట పాత బస్టాండు వెనక మందుల దుకాణం పైనున్న పుష్పాబాయి ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఎక్కివచ్చిన మెట్లవైపు తిరిగి చూసి, వెనక ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే లోపలికి అడుగుపెట్టింది. యాభై దాటిన మనిషి. తడిసిన కొంగు పిండుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

రాణి కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చింది. కోదాడ కోర్టులో టైపు పని వదిలేసి రాణి ఈ ఆఫీసులో సహాయకురాలిగా చేరి కొన్నేళ్లయింది. పుష్పాబాయి ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండాలో పుట్టి, పోలీసు శాఖలో ఎస్సై దాకా ఎదిగి, పైవాళ్ల మాటకు తలూపలేక బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరాలే వచ్చేవి. అయినా ఎదుటివాళ్లు చెప్పిన మాటల మధ్య చెప్పని మాటను పట్టుకోవడంలో ఆమెను మించినవాళ్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటిలోనూ లేరని రాణి గట్టి నమ్మకం.

వచ్చినావిడ పేరు వనిత. భర్త రవీందర్ మిర్యాలగూడలో జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాక ఆయనకు ఒకటే వ్యాపకం, పిట్టలు. రోజూ తెల్లవారకముందే మూసీ ఒడ్డు పార్కుకు వెళ్లి, చెట్ల మధ్య నడిచి, పిట్టల కూతలు వింటూ వాటిని రికార్డు చేసుకునేవాడు. పోయిన వారం అదే పార్కులో, వరదకు కోసుకుపోయిన ఒడ్డు కింద రాళ్ల దగ్గర ఆయన శవం దొరికింది.

"కాలు జారి పడ్డడని పోలీసులు రాసుకున్నరు. ఊళ్లో కొందరైతే కావాలనే దుంకిండు అంటున్నరు. రెండూ కాదు మేడమ్. గా ఒడ్డుకు అడ్డంగా బొంగులు కట్టి ఉండె. ఆ పొద్దు అవి విప్పి పక్కన పెట్టి ఉన్నయట. ఎవరో చేసిన్రు. ఆయన్ను చంపినోడు నన్ను మాత్రం వదుల్తడా?"

"మీతోని వానికేం పని?" అంది పుష్పాబాయి.

వనిత గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది. జవాబు రాని ఆ ప్రశ్నను రాణి మనసులో పెట్టుకుంది. పుష్పాబాయి కేసు తీసుకుంటానని చెప్పి, ఆయన రికార్డు చేసిన కూతలన్నీ ఎక్కడున్నాయో మాత్రం అడిగింది. ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయని చెప్పింది వనిత. నవరంగి పిట్ట కోసం ఆయన తపించిపోయేవాడట. మిర్యాలగూడలో ఉన్నప్పుడు దాని కూత దొరికింది. రెండు మెట్ల ఈల, పోకిరి పిల్లవాడు వేసినట్టు. ఈ ఏడైనా మూసీ ఒడ్డుకు రాకపోతుందా అని వానలు మొదలైనప్పటినుంచీ ఎదురుచూశాడట.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పార్కుకు వెళ్లారు. గేటు దాటగానే వేప, కానుగ, నల్లమద్ది చెట్లు గుబురుగా కమ్ముకుని, దారి మీద వెలుతురు సరిగ్గా పడనివ్వడం లేదు. దూరంగా మూసీ ఎర్రటి నీళ్లతో నిండుగా పోతోంది. కొంగలు అవతలి ఒడ్డు తుమ్మల మీద ముడుచుకుని కూర్చున్నాయి. నడకకు వచ్చినవాళ్లు ఆ ఒడ్డు దగ్గరికి రాగానే మాటలు తగ్గించి పక్కనుంచి తప్పుకుపోతున్నారు.

నల్లమద్ది చెట్టు కింద ఒక రాతి బెంచీ. దాని ముందునుంచి కొద్దిపాటి కాలిబాట నది కనిపించే గట్టుకు పోతుంది. ఆ గట్టుకున్న ఇనుప రెయిలింగు వరదకు కొట్టుకుపోయింది. పార్కు నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న హన్మా అక్కడ బొంగులు కట్టించాడు. ఊరంతా ఇప్పుడు అతన్నే తిడుతోంది. చెట్లు కొట్టిస్తున్నాడని రవీందర్ అతని మీద ఫిర్యాదు కూడా చేసి ఉన్నాడు కాబట్టి అనుమానం ఇంకాస్త బలపడింది.

హన్మా పుష్పాబాయితో మొదట తండా భాషలో గోడు వెళ్లబోసుకున్నాడు. తరువాత రాణికీ అర్థం కావాలని తెలుగులో చెప్పాడు. సారుకూ తనకూ మాట పట్టింపు ఉన్నమాట నిజమేగాని, బొంగులు ఇనుప తీగతో తనే దగ్గరుండి బిగించానన్నాడు. పుష్పాబాయి ఆ తీగ ముక్కలను చేతిలోకి తీసుకుని చూసింది. తీగ తెగలేదు. పట్టకారుతో నిదానంగా మెలి విప్పినట్టుంది.

"ఇది గాలికి ఊడింది కాదు. నువ్వు మరిచిపోయిందీ కాదు," అంది ఆమె. హన్మా కళ్లు తుడుచుకున్నాడు. వారం రోజుల్లో తన మాట నమ్మిన మొదటి మనిషి ఆమేనేమో అనిపించింది రాణికి.

ఆ పొద్దు పార్కులో ఉన్న మరో మనిషి అంజమ్మ. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మోకాళ్ల నొప్పులకు నడవమన్నారని రోజూ గేటు దగ్గరి బాట మీదే తిరుగుతుంది. రవీందర్ ఒక్కడే ఆటో దిగి లోపలికి పోవడం చూసింది. ఎప్పుడూ తోడు వచ్చే జితేందర్ ఆ రోజు లేడు.

"వాళ్లిద్దరి దోస్తీ సూస్తే ముచ్చటేస్తుండె బిడ్డా. జితేందర్ తెల్లటి తువ్వాల ఏసుకొని ముంగట నడుస్తడు. సారు ఆయన భుజమ్మీద చెయ్యేసి ఎనక నడుస్తడు. తెల్లారినాక ఇద్దరూ పక్కపక్కన నడుసుకుంట ఎనకకు వచ్చేటోళ్లు."

ఆ పొద్దు ఇంకేమైనా విన్నారా అని అడిగింది పుష్పాబాయి.

"ఏముంటది? ఇంకా మసక మసకనే ఉండె. పోరగాండ్లు ఈలేసినట్టు పిట్ట కూసింది. రెండు మాట్లు కూసుడు, ఆగుడు, మల్ల కూసుడు. దూరంల రైలు కూత గూడ ఇనబడ్డది. ముసురునాడు అన్నీ దగ్గర్నే ఇనబడ్తయి గద. కొంచెం సేపటికి ధబ్బుమని సప్పుడైంది. గట్టు పెళ్ల ఇరిగి పడ్డదనుకున్న. సూసొస్తె బాగుండు."  ఆ చివరి మాట అంజమ్మ వారం రోజులుగా అనుకుంటున్నదే అయి ఉంటుంది.

అక్కణ్నుంచి రవీందర్ ఇంటికి వెళ్లారు. మేడమెట్ల అంచుకు ప్రతి మెట్టుకూ తెల్లటి టేపు అతికించి ఉంది. చిన్న వంటింట్లో కూడా పెళ్లి పందిట్లో పెట్టేటంత పెద్ద లైట్లు. కారు షెడ్డు ఉంది, అందులో పాత మంచం, పూలకుండీలు. కారు ఏమైందని పుష్పాబాయి అడిగితే కొన్నేళ్ల కింద అమ్మేశామని వనిత పొడిగా చెప్పింది. శవం మీద పాత గాయాలేమైనా ఉన్నాయని పోలీసులు అన్నారా అంటే, మోకాలి చిప్పల కింద కమిలిన మచ్చలున్నాయన్నారని ఒప్పుకుంది.

"ఆయనకు రేచీకటి ఎప్పటినుంచి?" అంది పుష్పాబాయి.

వనిత గోడకు ఆనుకుంది. దాచి లాభం లేదని అర్థమయ్యాక చెప్పింది. ఎన్నో ఏళ్లనుంచి ఉంది. కళ్ల వెనక పొర ఎండిపోయే జబ్బు, మందు లేదు. పట్టపగలు కనబడుతుంది. పొద్దు వాలితే, తెల్లవారేదాకా ఆయన లోకం గోడ కట్టినట్టే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. తరువాత అదే అలవాటైంది. ఈ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆమె గట్టిగా అంది.

భుజం మీద చెయ్యి వేసి నడిచిన సంగతి రాణికి గుర్తొచ్చింది. ఇంకొకరికి తెలుసు.

కంప్యూటర్‌లో కూతలన్నీ ఊళ్లవారీగా పెట్టి ఉన్నాయి. పుష్పాబాయి వాటిని చాలాసేపు చెవులకు పెట్టుకుని విన్నది. కొన్నింటిలో వాన హోరు, బస్సుల రొద తీసేసి కూతను శుభ్రం చేసినట్టుంది. ఇదెవరు చేశారంటే జితేందరేనని చెప్పింది వనిత. అతనికి మైక్‌సెట్ దుకాణం ఉంది, సామాను ఉంది. రవీందర్ పాత రికార్డర్‌లోని కార్డులన్నీ ఈ మధ్యే అతనికి ఇచ్చాడు.

జితేందర్ దుకాణం శంకర్ విలాస్ సెంటర్ దాటాక ఒక సందులో ఉంది. నలభై అయిదేళ్ల మనిషి. గడ్డం గీసుకోక చాలా రోజులైనట్టుంది. పెళ్లిళ్లకు మైకులు, లైట్లు కిరాయికిస్తాడు. స్వస్థలం తిరుమలగిరి దగ్గరి తండా. పుష్పాబాయిని చూడగానే లేచి, 'అక్కా' అని పలకరించి స్టూలు వేశాడు. తిరుమలగిరి వదిలి ఇక్కడికెందుకు వచ్చావని ఆమె అడిగితే గోడ మీది ఫోటో చూపించాడు. రెండు జడలు, స్కూలు డ్రెస్సు.

ఆ పిల్ల సుకన్య, అతని ఒక్కగానొక్క కూతురు. ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంటే, పొద్దుగూకిన వేళ ఏదో కారు గుద్దేసి పోయింది. ఎవరిదో తేలలేదు. భార్య సుగుణ ఆ ఇంట్లో ఉండలేనని పాలకీడులో తల్లిగారింటికి పోయింది, తిరిగి రాలేదు. తాను ఇటొచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఇంట్లో నిద్ర పట్టక చీకట్లోనే పార్కుకు పోయే అలవాటైంది. అక్కడ రవీందర్ సారు పరిచయమయ్యాడు.

"సారు లేకపోతే నేను ఎప్పుడో ఖతమైతుంటి," అన్నాడు జితేందర్. అబద్ధం చెబుతున్న గొంతు కాదు అది.

ఆ పొద్దు తాను కోదాడలో పెళ్లి మైక్‌సెట్ దగ్గర ఉన్నానని, సారుకు ముందే చెప్పానని అన్నాడు. పుష్పాబాయి లేవబోతూ, బెంచీ మీద కూర్చుండే మనిషి చీకట్లో గట్టుదాకా ఎందుకు పోయాడంటావని అడిగింది.

"నేనుంటే పోనిస్తుంటినా అక్కా. నవరంగి ఈల ఇనంగనే ఆగలేకపోయిండు. పిట్టంటే సారు చిన్నపిల్లగాడే."

పుష్పాబాయి ఫోటో వైపు ఇంకోసారి చూసి బయటికి వచ్చింది. 

రాణిని కోదాడ పంపింది. సొంత ఊరు కాబట్టి రాణికి ఫంక్షన్‌హాలు మనుషుల్ని పట్టుకోవడం కష్టం కాలేదు. పెళ్లి వంట చేయించిన కాటమ్మ అంది: "తెల్లారగట్ల పొయ్యి దగ్గర లైటు ఆరిపోయిందమ్మా. మైకులాయన కోసం హాలంతా వెతికించాను. మనిషీ లేడు, బండీ లేదు. ఎండ వచ్చాక వచ్చాడు. తీగ కోసం పోయానన్నాడు. చేతిలో తీగ లేదు."

ఈ మాట చేరవేసినప్పుడు పుష్పాబాయి సంతోషిస్తుందనుకుంది రాణి. ఆమె కిటికీ దగ్గర నిలబడి కింద బస్సులు చూస్తూ ఉండిపోయింది.

"అతనే అనుకుంటున్నారు కదండీ మీరు?"

"అతనే. ఎట్ల చేసిండో గూడ తెలుసు. ఎందుకు చేసిండో సగం తెలుసు. మిగిలిన సగం తెలియకపోతేనే బాగుండునేమో రాణీ. ఆ ఇద్దర్ని కలిపి ఒక్కమాటు సూడలే గాని, నిజంగ దోస్తులే అనిపిస్తున్నది."

"అయితే వదిలేద్దామా?"

"హన్మాను ఊరు కొట్టి చంపుతది," అంది పుష్పాబాయి. "ఫోన్ చెయ్యి అందరికీ. ఎస్సైగారికి నేను చెప్పుకుంట."

మరుసటి ఉదయం వాన తెరిపిచ్చింది. రాతి బెంచీ దగ్గర అందరూ చేరారు. వనిత బెంచీ ఒక చివర, అంజమ్మ ఇంకో చివర కూర్చున్నారు. హన్మా చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. జితేందర్ గట్టువైపు వీపు పెట్టి నిలుచున్నాడు. టౌన్ ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో కాస్త ఎడంగా ఉన్నాడు. గట్టు మీద హన్మా కొత్తగా కట్టించిన బొంగులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

పుష్పాబాయి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టింది. చనిపోయిన మనిషికి చీకట్లో చూపు లేదని ముందు చెప్పింది. అంజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోజూ నడిచే బాట కాబట్టి ఆయన బెంచీదాకా ఒక్కడే రాగలిగాడు. గట్టు మీద అడ్డం ఉందన్న నమ్మకంతోనే చేతులు చాపుకుంటూ అటు పోయాడు. చేతులకు ఏమీ తగల్లేదు.

"కనబడని మనిషి బెంచీ వదిలి ఎందుకు లేస్తడు? ఏదో పిలిస్తే లేస్తడు. అంజమ్మా, ఇది ఇనండి."

ఆమె ఫోనులోంచి కూత వచ్చింది. తీయటి రెండు మెట్ల ఈల, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఈల. అలా కొంతసేపు సాగాక, చివరలో దూరంగా, సన్నగా రైలు కూత వినిపించి ఆగిపోయింది.

"ఇదే బిడ్డా. అచ్చం ఇట్లనే," అంది అంజమ్మ.

"సూర్యాపేటకు రైలు లేదమ్మా. పట్టాలే లేవు. మనం రైలెక్కాలంటే మిర్యాలగూడనో నల్లగొండనో పోవాలె. మీరు విన్నది పిట్టను కాదు. రవీందర్ సారు మిర్యాలగూడల ఉన్నప్పుడు, రైలు కట్ట పక్కన తోటల రికార్డు చేసుకున్న కూత. నేనిది ఆయన కంప్యూటర్‌ల తీసుకున్న. ఆయన ఏళ్లుగా ఎదురుచూస్తున్న పిట్ట. ఇన్నాళ్లకు వచ్చిందని సంబరంగ లేచిండు. గట్టు అవతల రాళ్ల మీద ఎవరో నిలబడి ఈ కూత మోగించిన్రు. అంతకుముందే బొంగులు విప్పిన్రు. ఆయన మీద చెయ్యి గూడ ఎయ్యలే."

ఎస్సై ఒక అడుగు ముందుకు వేశాడు. పుష్పాబాయి ఆగమన్నట్టు చూసింది.

"ఈ పని చేసినోనికి మూడు సంగతులు తెలిసుండాలె. సారుకు చీకట్ల కనబడదని. ఈ కూత ఎక్కడున్నదని. ఇది ఇంటే సారు ఆగడని. ఆయన చెయ్యి తన భుజమ్మీద ఏసుకొని రోజూ నడిపించినోనికి మొదటిది తెలుసు. కార్డులు శుభ్రం చేసినోనికి రెండోది తెలుసు. మూడోది తనే నాతోని అన్నడు. నవరంగి ఈల ఇనంగనే ఆగలేకపోయిండని. ఆ పొద్దు పిట్ట కూసిందన్న మాట అంజమ్మ నాకూ రాణికీ తప్ప ఎవరికీ చెప్పలే. అది నవరంగి అని ఆమెకే తెలియదు. కోదాడల ఉన్న మనిషికి ఎట్ల తెలిసింది జితేందర్?"

జితేందర్ తప్పించుకోజూడలేదు. అసలు అతని ముఖంలో భయం కూడా లేదు. చాలాకాలంగా మోస్తున్న బరువును ఎక్కడ దించాలో తెలిసినవాడిలా జేబులోంచి ఫోను తీశాడు.

"ఎందుకని అడగవా అక్కా?"

"కాయితాలు తీసి సూసిన. మీ బిడ్డ పోయిన నెల, సారు కారు అమ్మిన నెల ఒక్కటే," అంది పుష్పాబాయి మెల్లగా. "అంతవరకే తెలుసు."

"మిగిలింది ఇను. కార్డులు శుభ్రం చేస్తుంటే ఇనబడ్డది."

ముందు రవీందర్ గొంతు వచ్చింది. క్లాసులో చెబుతున్నట్టు నిదానంగా, తిరుమలగిరి చెరువు కట్ట అని, తారీఖు, నీటికోళ్లు గూటికి చేరుతున్నాయని. తరువాత కొక్కిరాయిల గోల. రికార్డర్ ఆపడం మరిచిపోయినట్టున్నాడు. కారు తలుపు వేసిన చప్పుడు, ఇంజను, ఏదో పాట కూనిరాగం. ఉన్నట్టుండి గట్టిగా ఒక దెబ్బ, బ్రేకు కీచుమన్న మోత.

"వనితా, ఏం తగిలింది?"

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"కుక్క."

"దిగి సూద్దామా?"

"కుక్కనే అంటున్న గద. పొద్దువోయింది. పోనియ్యి."

ఇంజను మళ్లీ కదిలింది. కొంత దూరం పోయాక రవీందర్ గొంతు, ఇవాళ నీటికోళ్లు బాగా వచ్చాయని అంది. జితేందర్ ఫోను ఆపాడు.  వనిత ఒళ్లో చేతులు పెట్టుకుని, వాటిని చూసుకుంటూ కూర్చుంది.

"తెల్లారేదాక ఊపిరున్నది నా బిడ్డకు," అన్నాడు జితేందర్. "పత్తి చేనుకు పోయేటోళ్లు కాలువల చూసిన్రు. జర ముందు తెస్తే బతుకుతుండె అని దవాఖానల అన్నరు."

"సారుకు తెల్వదు జితేందర్," అంది పుష్పాబాయి. "ఆయన కుక్కనే అనుకున్నడు."

"నాకు తెలుసక్కా. ఇది ఎన్నిమాట్ల ఇన్ననో నాకే తెల్వదు. ఆయనకు తెల్వదని నాకు బాగ తెలుసు." అతను గట్టువైపు తిరిగాడు. "గాని చీకట్ల కండ్లు కనబడనోడు బండెందుకు తోలిండు? దిగి సూద్దామా అన్నోడు దిగకపాయె ఎందుకు? ఆమె వద్దంటే ఊకున్నడు. ఆ పొద్దు కూత ఇని లేసి వస్తున్నడు సూడు, నవ్వుకుంట వచ్చిండు. చేతులు ముంగటికి చాపుకుంట. ఆగుమని ఒక్క మాట అంటే సాలు. నోట్లకు వచ్చింది. అనలే."

"ఈమెను ఎందుకు వదిలినవ్?" అని ఎస్సై అడిగాడు.

జితేందర్ వనిత వైపు చూశాడు. ఆ చూపులో కోపం కనబడుతుందనుకుంది రాణి. అలసట తప్ప ఏమీ లేదు.

"ఈమెను ఏం చెయ్యాల్నో నాకు తోచలే," అన్నాడు.

వనిత తలెత్తకుండానే, తగిలింది పిల్ల అని అప్పుడే చూశానని చెప్పింది. సైకిలు, జడలు కనబడ్డాయి. ఆయన చూపు సంగతి బయటపడితే జైల్లో పెడతారని ఆ క్షణంలో భయమేసింది. మర్నాడు పేపరు చూశాక కారు అమ్మించింది. ఆయన మాత్రం వాన పడిన రాత్రుల్లో ఎప్పుడైనా, ఆ కుక్క బతికిందంటావా అని అడిగేవాడట. బతికే ఉంటుందని ఆమె చెబుతూ వచ్చింది.

"ఏ తరగతి?" అని ఆమె అడిగింది, ఎవరినో తెలియకుండా.

"ఏడు," అన్నాడు జితేందర్.

ఎస్సై ఫోను తీసుకున్నాడు. మీరూ స్టేషన్‌కు రావలసి ఉంటుందని వనితతో అన్నాడు. ఆమె వస్తానని లేచింది. తడిసిన రాయి మీద కాలు జారి, పట్టు కోసం పక్కనున్న రాణి వైపు చెయ్యి చాపింది. రాణి చెయ్యి కదల్లేదు. అంజమ్మే లేచి పట్టుకుంది. ఆ క్షణం ఆ తరువాత చాలా రోజులు రాణిని కుదురుగా ఉండనివ్వలేదు.

హన్మా పుష్పాబాయికి దండం పెట్టాలని వచ్చి, పెట్టకుండానే నిలబడిపోయాడు. తన మీది నింద పోయిందని సంతోషించే వీలు ఎవరూ అతనికి మిగల్చలేదు.

ఆ మధ్యాహ్నమే పుష్పాబాయి పాలకీడు బస్సెక్కింది. సుగుణకు పోలీసుల నోటినుంచి తెలియడం బాగుండదని మాత్రం అంది. రాణి వెంట వెళ్లింది. కాలువ కింద నాట్లు పడుతున్నాయి. ఎవరో కేకవేస్తే, వరుసలోంచి ఒక సన్నటి మనిషి గట్టెక్కి వచ్చింది. మోచేతులదాకా బురద.

పుష్పాబాయి ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పింది. సుకన్య పేరు వినగానే సుగుణ ముఖం బిగుసుకుంది.

"దొరికిండా?" అంది.

"దొరికిండమ్మా. ఇప్పుడు లేడు."

మిగతాదంతా పుష్పాబాయి తండా భాషలోనే చెప్పింది. రాణికి మాటలు అర్థం కాలేదు, చెప్పేది ఏమిటో తెలుసు. రవీందర్ పేరు రెండుసార్లు, జితేందర్ పేరు ఒకసారి వినిపించాయి. సుగుణ ఏడవలేదు. చేతుల మీద బురద ఆరి తెల్లబడుతుంటే దాన్ని గోటితో గీకుతూ విన్నది.

అంతా అయ్యాక ఆమె తెలుగులో అంది. "మా ఆయన మొన్న ఫోన్ చేసిండు. బువ్వ తిన్నవా అనడిగిండు. గంతే. నాతోని ఒక్క మాట అంటే నేను వద్దంటుంటి."

కొంచెం ఆగి అడిగింది. "ఇగ రాడా?"

"ఇప్పట్ల రాడు."

"ఆ సారు భార్యకు పిల్లలున్నరా?"

"లేరు."

"నాకూ లేరు," అంది సుగుణ.

పొలంలో నాటే ఆడవాళ్లు ఆమె వదిలిన చోటు అలాగే ఉంచి ముందుకు జరిగారు. వరుసలో అంత మేర నారు పడక నీళ్లే కనబడుతున్నాయి. సుగుణ అటు చూసి, ఇంకేమీ అడగకుండా గట్టు దిగింది. నారు కట్ట ఒకటి అందుకుని, విప్పి, వంగి నాటడం మొదలుపెట్టింది.

రాణికి ఆమెతో ఒక్క మాటైనా చెప్పాలనిపించింది. పుష్పాబాయి వైపు చూసింది. పుష్పాబాయి గట్టు మీద చెప్పులు చేతపట్టుకుని నిలబడి ఉంది. మళ్లీ జల్లు మొదలైంది. ఇద్దరూ బస్సు రోడ్డువైపు నడిచారు.